ఘాట్ ఎక్కించింది తెల్లవాడి ఇనుము కాదు

"తెల్లోడు చేసిన బండి, ముప్పై ఏళ్లు స్పానర్ పెట్టకుండా తిరిగింది." చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల లారీల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఈ మాట వినబడుతోంది. పెళ్లి భోజనాల బంతిలో, ఆటోనగర్ టీ బంకు దగ్గర, ఈమధ్య పాత బండ్లకు రంగులేసి ఊరేగిస్తున్న కుర్రవాళ్ల నోట, అన్నిచోట్లా అదే పాట. బెడ్‌ఫోర్డ్, ఆస్టిన్, లేలాండ్ కామెట్, స్టాండర్డ్ వ్యాను అంటూ పేర్లన్నీ ఒక దండగా గుచ్చేస్తారు. ఆ ఇనుము వేరట, ఆ బ్రేకులు వేరట, అప్పుడు ప్రమాదాలే లేవట, ఇప్పటి బండ్లు ఉత్త రేకు డబ్బాలట. ఇలా చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఆ స్టీరింగు పట్టినవాళ్లు కాదు. ఆ బండి కింద పడుకొని ఒంటికి గ్రీజు పూసుకున్నవాళ్లు అంతకన్నా కాదు. నేను క్లీనరుగా చేరి, డ్రైవరునై, ఆనక షెడ్డు పెట్టుకొని బతికినవాణ్ణి. ఆ బండ్లంటే నాకు ప్రాణం. అందుకే వాటి గురించి అబద్ధం చెబుతుంటే వింటూ కూర్చోలేను.

మొదట పేర్ల సంగతి తేలాలి. పాత లారీ కనబడితే చాలు, అది బ్రిటిషు బండి అనేయడం అలవాటైపోయింది. ఫార్గో, డాడ్జ్ అమెరికావాళ్ల క్రైస్లర్ బండ్లు, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసింది. ముక్కు మీద నక్షత్రం ఉన్న టాటా మెర్సిడెస్ 1954 నుంచి జర్మన్ కంపెనీ తోడ్పాటుతో జంషెడ్‌పూర్‌లో తయారైంది. బెడ్‌ఫోర్డ్ ఇంగ్లండులో పుట్టిన మాట నిజం. అయితే దాన్ని చేసిన వాక్సాల్ కంపెనీ 1925 నుంచే అమెరికా జనరల్ మోటార్స్ చేతిలో ఉంది. బెడ్‌ఫోర్డ్ అన్న పేరు పుట్టింది 1931లో. అంటే మనం తెల్లదొర పనితనమని మురిసిపోయే బెడ్‌ఫోర్డ్‌కు పుట్టినప్పటినుంచీ యజమాని అమెరికావాడే. ఇక మనవైపు బాగా తిరిగిన కామెట్ ముందు రాసి ఉన్న లేలాండ్ అన్నది ఇంగ్లండులో లాంకషైర్‌లోని ఒక ఊరి పేరు. మా చేతుల్లోకి వచ్చిన బండి మాత్రం మద్రాసు పక్కన ఎన్నూరులో బిగించింది. దాని కథ తర్వాత చెబుతాను.

స్పానర్ పెట్టకుండా తిరిగింది అంటారే, ఆ బండ్లకు స్పానర్ పెట్టని రోజంటూ లేదు. తెల్లవారుజామున డ్రైవరన్న ఇంకా దుప్పటి ముసుగులో ఉండగానే క్లీనరు పని మొదలయ్యేది. రేడియేటరులో నీళ్లు, ఇంజన్లో ఆయిలు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు చూడాలి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదలాలి. టామీ రాడ్‌తో ఒక్కో టైరూ కొట్టి, చప్పుడును బట్టి గాలి సంగతి తెలుసుకోవాలి. ఆ తర్వాత గ్రీజు గన్ను పట్టుకొని బండి కిందికి దూరాలి. కింగ్‌పిన్నులు, కమాన్ పట్టీల షాకిల్ పిన్నులు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు, ఒక్కోదానికీ ఒక్కో నిప్పిల్. మట్టి పట్టిన పాత గ్రీజంతా బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. ఒక్క నిప్పిల్ మూసుకుపోయి కొన్నాళ్లు గ్రీజు అందకపోతే కింగ్‌పిన్ను అరిగిపోయి స్టీరింగు చేతుల్లో వణికేది. ఎయిర్ ఫిల్టరంటే ఇప్పటిలా మార్చి పారేసే కాగితం కాదు, అడుగున ఆయిలు పోసిన గిన్నె. పీలేరు, కలికిరి దుమ్ములో తిరిగొస్తే ఆ ఆయిలు బురదగా మారేది. కడగడానికి బద్ధకిస్తే దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోయి రింగులు, బోరు తినేసేది. పొగ మొదలైతే ఇంజను దించాల్సిందే. హెడ్డు విప్పి వాల్వులకు పేస్టు పూసి చేత్తో రుద్దడం, రింగులు మార్చడం, అదీ చాలకపోతే బోరింగుకు పంపడం. ఇవేవీ ఎప్పుడో ఒకసారి వచ్చే గండాలు కావు, ఆ బండి నడవడానికి కట్టవలసిన మామూలు సుంకం.

డీజిల్ లైన్లో గాలి చేరిందంటే దాని తంతు వేరు. ట్యాంకు అడుగంటినా, ఏదో పైపు జాయింటు వదులైనా చాలు, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. అప్పుడు ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీటను బొటనవేలితో కొడుతూ కూర్చోవాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి. బుడగ అన్నదే లేకుండా డీజిల్ సన్నటి తీగలా వచ్చినప్పుడు, వస్తుండగానే స్క్రూ బిగించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మళ్లీ గాలి. అయినా స్టార్టు కాకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక్కోటీ వదులు చేసి, సెల్ఫ్ కొట్టిస్తూ గాలి తీయాలి. నడిరాత్రి పాకాల దాటాక, నోట్లో టార్చిలైటు కరుచుకొని ఈ పని చేసిన పిల్లవాడి పేరు ఏ పొగడ్తలోనూ రాదు. బండి పేరే వస్తుంది.

పాత పెట్రోలు బెడ్‌ఫోర్డులకు ముందువైపు హ్యాండిలు కొట్టి స్టార్టు చేసే పని ఉండేది. అది పట్టుకునే పద్ధతే ఒక చదువు. బొటనవేలు చుట్టూ తిప్పి పిడికిలి బిగించకూడదు. అయిదు వేళ్లూ హ్యాండిలుకు ఒకే పక్కన ఉండాలి. కిందినుంచి పైకి లాగాలి తప్ప పైనుంచి కిందికి తొయ్యకూడదు. ఇంజను వెనక్కి తన్నిందంటే, బొటనవేలు అడ్డం ఉన్నవాడి మణికట్టు విరిగేది. మా మేస్త్రి కొత్త పిల్లలకు మొట్టమొదట నేర్పింది ఇదే. "రేయ్ నాయనా, ఏలు ఈ పక్కనే పెట్టు, అది తంతే నీ కూడు పోతాది" అనేవాడు. ఆయన కుడిచెయ్యి వంకరగానే ఉండేది. అది ఎందుకు వంకరయిందో మేమెవరం అడగలేదు, అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆ హ్యాండిల్ని ఇప్పుడు రంగువేసి బండి ముందు వేలాడదీసి ఫొటోలు దిగుతున్నారు. దిగండి, కాదనను. దానివల్ల చేతులు విరిగాయని మాత్రం పిల్లలకు చెప్పండి.

విడిభాగాల విషయానికి వస్తే ఈ "తెల్లోడి బండి" వాదన ఇంకా పలచబడిపోతుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలు మనదేశంలో చాలా తిరిగాయి. వాటిని డిస్పోజల్ లారీలనేవాళ్లు. వాటికి విడిభాగాలు చేసి పంపే బాధ్యత ఎవరికీ లేదు. మరోవైపు జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో బండ్లు బిగించేది. ఇక్కడే తయారుచేసే పథకం లేనివాళ్లు బిగింపు పనులు ఆపాలని 1953లో ప్రభుత్వం తేల్చి చెప్పింది. మరుసటి ఏడాదికల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ మూటాముల్లె సర్దుకున్నాయి. బండి మాత్రం ఇక్కడే ఉంది. దాని బుష్షు అరిగితే ఎవరిస్తారు? మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అంగడి అంగడీ తిరగాలి, దొరక్కపోతే పుదుపేటలో విప్పేసిన బండ్ల గుట్టల్లో వెతకాలి, అక్కడా లేకపోతే లేత్ మేస్త్రి కాళ్లమీద పడాలి. అరిగిన ముక్కను కాలిపర్సుతో కొలిచి, కొత్త ఇనుప దిమ్మె లేత్‌కెక్కించి, అదే ముక్కను చేసిచ్చేవాడు ఆ మనిషి. డ్రాయింగు లేదు, కంపెనీ పుస్తకం లేదు. ఇలా అయిదారేళ్లు తిరిగిన బెడ్‌ఫోర్డ్‌ను నిలబెట్టి, ఇందులో ఇంగ్లండు ఇనుమెంత, మన లేత్ ఇనుమెంత అని అడిగితే జవాబు చెప్పగల మొనగాడెవరు?

ఇంజను కూడా అంతే. పెట్రోలు ధర భరించలేక చాలామంది యజమానులు బెడ్‌ఫోర్డ్, ఫార్గో, డాడ్జ్ లారీల్లోంచి పెట్రోలు ఇంజను పీకేసి పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజను పెట్టించుకున్నారు. పెర్కిన్స్ ఇంగ్లండు కంపెనీయే. ఆ ఇంజన్లను మద్రాసులో సింప్సన్ కంపెనీ తయారుచేసింది. 1840లో గుర్రపు బగ్గీలు చేయడంతో మొదలైన కంపెనీ అది. ఇంజను మారితే మౌంటింగులు మారాలి, గేర్‌బాక్సుకు దారి కుదరాలి, రేడియేటరు జరగాలి. ఆ కుదుర్పు పనంతా షెడ్లలోనే జరిగింది. అంతకుముందు యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు బస్సుల వెనక బొగ్గు గ్యాసు ప్లాంట్లు తగిలించి నడిపారు. తెల్లవారకముందే లేచి, బొగ్గు రాజేసి, ఫ్యాను తిప్పి, గ్యాసు పుట్టేదాకా పొగ మింగింది క్లీనర్లే. మాకన్నా ముందుతరం వాళ్లు ఆ పొగ గురించి చెబుతుంటే వినడమే తప్ప నేను చూడలేదు.

స్పానర్ల పెట్టె చూసినా సంగతి తెలుస్తుంది. పాత బ్రిటిషు బండ్ల నట్లు విట్‌వర్త్ కొలతలవి. ఆ స్పానర్ మీద రాసి ఉండే అంకె నట్టు వెడల్పుది కాదు, బోల్టు లావుది. కాబట్టి అరంగుళం అని రాసిన స్పానర్ అరంగుళం తలకు పట్టదు. మనదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. తర్వాత వచ్చిన బండ్లకు ఎంఎం స్పానర్లు. అందుకే ప్రతి షెడ్డులోనూ రెండు మూడు రకాల సెట్లుండేవి. నట్టును ఒక్క చూపు చూసి "దానికి ఇంచిది పట్రా" అని చెప్పగలగడం మేస్త్రితనానికి మొదటి మెట్టు. చెప్పలేనివాడు పట్టని స్పానర్ వేసి నట్టు మూలలు గుండ్రంగా చేసేవాడు. ఆ తర్వాత ఉలి, సుత్తే గతి.

కమాన్ పట్టీల సంగతి చెప్పకపోతే మా బతుకు సగం చెప్పనట్టే. పర్మిట్టుకు మించి సరుకు ఎక్కించడం అప్పుడు మామూలు. బెల్లం, మామిడికాయలు, కంకర, ఏదైనా సరే, "ఇంకో నాలుగు మూటలు ఎయ్యప్పా" అనేవాళ్లే. రోడ్డేమో గుంతలమయం. మెయిన్ పట్టీ ఫట్టుమని విరిగితే బండి ఒక పక్కకు కూలబడేది. షెడ్డు దాకా చేరాలంటే విరిగిన చోట చెక్కలు పెట్టి, గొలుసు చుట్టి, టామీ రాడ్‌తో మెలితిప్పి బిగించాలి. పుత్తూరు కట్టు కట్టినట్టు ఎముకకు ఎముక ఆనించి కట్టేవాళ్లం. అలా ఇరవై ముప్పై మైళ్లు మెల్లగా లాగించుకొచ్చిన బండ్లు ఎన్నో ఉన్నాయి. దాన్ని చూసినవాళ్లు "చూశారా, పట్టీ విరిగినా ఆగలేదు" అని బండిని పొగిడారు. పట్టీ విరగడం బండి బలమెలా అవుతుంది?

ఇప్పుడు ఎన్నూరు కథ. రఘునందన్ శరణ్ అనే పంజాబు పారిశ్రామికుడు 1948లో అశోక్ మోటార్స్ స్థాపించాడు. అశోక్ ఆయన కొడుకు పేరు. మొదట బిగించింది ఇంగ్లండు ఆస్టిన్ కార్లు. 1950లో లేలాండుతో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది నుంచి కామెట్లు ఎన్నూరులో బిగించడం మొదలైంది. ఏడాదికి వెయ్యి కామెట్లు దశలవారీగా ఇక్కడే తయారుచేసేందుకు 1954లో కేంద్రం అనుమతిచ్చింది. 1955లో కంపెనీ పేరు అశోక్ లేలాండ్ అయింది. దశలవారీగా అన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది. మొదట్లో పెట్టెల్లో వచ్చిన ముక్కల్ని బిగించారు. ఏడాదికేడాది ఇక్కడ పోతపోసిన, ఇక్కడ కోసిన ముక్కలు పెరుగుతూ వచ్చాయి. 1960ల మొదట్లో మద్రాసు పాడిలో లూకాస్ టీవీఎస్, బ్రేక్స్ ఇండియా, సుందరం క్లేటన్ వచ్చాయి. సెల్ఫ్ మోటారు, బ్రేకు సామాను అక్కడినుంచి రాసాగాయి. నాజిళ్లు, ఇంజెక్షను పంపులు బెంగళూరు మైకోలో తయారయ్యాయి. మద్రాసు, బెంగళూరు రెండింటికీ నడుమ ఉన్న చిత్తూరులో కామెట్ అంతగా పాతుకుపోవడానికి కారణం కూడా ఇదే. ఏ ముక్క కావాలన్నా అటో ఇటో ఒక రాత్రి ప్రయాణం. మన ఊళ్లలో కామెట్ బతికింది లాంకషైర్ ఉక్కు వల్ల కాదు, రాత్రి బస్సులో పార్సిల్ రావడం వల్ల.

అక్కడ ఇంగ్లండులో ఏమైందో కూడా చెప్పాలి. చాలా కంపెనీలను కలిపి 1968లో బ్రిటిష్ లేలాండ్ చేశారు. 1975కల్లా అది దివాలా అంచుకు వచ్చి ప్రభుత్వం చేతుల్లోకి పోయింది. లారీల విభాగం 1987లో డచ్చివాళ్ల డాఫ్‌లో కలిసింది. బెడ్‌ఫోర్డ్ పెద్ద లారీల తయారీని జనరల్ మోటార్స్ 1986లో ఆపేసింది. ఎన్నూరు కంపెనీ ఇప్పటికీ లేలాండ్ పేరుతో లారీలు చేస్తూనే ఉంది. పేరు అక్కడినుంచి వచ్చింది, దాన్ని నిలబెట్టింది ఇక్కడి చేతులు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించే అబద్ధం బ్రేకుల గురించి, ప్రమాదాల గురించి. "ఆ బ్రేకులు కొడితే బండి భూమిలో దిగబడేది" అంటారు. ఆ లారీల్లో చాలావాటికి బ్రేకు పెడలు బరువు తగ్గించేది వాక్యూం. పెట్రోలు ఇంజనైతే వాక్యూం దానంతట అదే పుడుతుంది. డీజిల్ ఇంజనుకు అలా పుట్టదు కాబట్టి దానికోసం ఎగ్జాస్టరు అనే పంపు ఇంజనుతోపాటు తిరగాలి. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. ట్యాంకులో మిగిలిన వాక్యూంతో రెండు మూడుసార్లు బ్రేకు అందుతుంది, అంతే. ఆపైన పెడలు మీద నిలబడ్డా రాయిలా ఉంటుంది. ఇది తెలిసి కూడా ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసేవాళ్లు, కొందరు ఏకంగా ఇంజను ఆపేసేవాళ్లు. ఎందుకు? ట్రిప్పుకు ఇంత డీజిల్ అని యజమాని కొలిచి ఇచ్చేవాడు. మిగిలింది డ్రైవరుకు, క్లీనరుకు చేతిఖర్చు. జీతం చాలని మనిషి ఘాట్‌లో న్యూట్రల్ చేయడం ధైర్యం కాదు. పిల్లల ఫీజు కోసం ప్రాణం ఒడ్డడం.

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉంది. పలమనేరు వైపునుంచి సరుకుతో దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలని మాకు నేర్పారు. సింక్రోమెష్ లేని గేర్‌బాక్సు అది. ఒకసారి గేరు జారి న్యూట్రల్‌లో పడిందంటే, బండి వేగమందుకున్నాక మళ్లీ కింది గేరు వెయ్యడం మామూలు మనిషి వల్ల కాదు. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి ఏక్సిలరేటరుతో ఇంజను వేగం పెంచి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు, ఇదంతా ఒక్క ఊపిరిలో జరగాలి. ఇంజను వేగం, చక్రాల వేగం సరిపోలకపోతే గేరు పళ్లు కరకరమని అరిచి బయటికి నెట్టేస్తాయి. ఒక రాత్రి ఆ ఘాట్‌లో నేను క్లీనరుగా ఉన్న బండికి సరిగ్గా ఇదే జరిగింది. "ఒరే, చెక్క తీసుకొని తలుపు తీసి పెట్టుకో" అన్నాడు డ్రైవరన్న. ఆయన గొంతులో అంతకుముందు ఎన్నడూ వినని పదును. బ్రేకు లైనింగులు కాలిన వాసన క్యాబిన్ నిండా. మూడోసారి ప్రయత్నానికి గేరు పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి, ఇంజను గట్టిగా అరిచి, వేగం తగ్గింది. కింద టీ కొట్టు దగ్గర ఆపాక ఆయన మోకాళ్లు అరగంట దాకా వణుకుతూనే ఉన్నాయి. మేం బతికాం కాబట్టి ఈ కథ చెప్పుకోగలుగుతున్నాం. అదే మలుపులోనూ, అటు భాకరాపేట ఘాట్‌లోనూ పడిపోయినవాళ్ల బండ్ల గురించి "భలే గట్టి బండి" అని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు ప్రమాదాలు లేవని చెప్పేవాళ్లు బండ్లు తక్కువన్న సంగతి మరచిపోతున్నారు, చచ్చిపోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరన్న సంగతీ మరచిపోతున్నారు.

తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. నడుమ ముప్పై ఏళ్లు ఎక్కే బండికీ దిగే బండికీ దారి ఒక్కటే. పవర్ స్టీరింగు లేని బస్సును నిండా జనంతో ఆ మలుపుల్లో తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి లేచి, బరువంతా స్టీరింగు మీద వేసి లాగాలి. అశోక్ లేలాండ్ 1969లోనే పవర్ స్టీరింగు తెచ్చింది. మావంటివాళ్లు నడిపిన బండ్లకు అది చేరడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. ఎండాకాలం ఎక్కుడులో రేడియేటరు ఉడికేది. మూత మీద తడిగుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకొని, మొదట పావు తిప్పు తిప్పి ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాత తియ్యాలి. తొందరపడ్డవాళ్ల ముంజేతుల మీద ఆ మచ్చలు జీవితాంతం ఉండేవి. కొండమీదికి భక్తుల్ని చేర్చింది స్వామి దయ అని నమ్మేవాళ్లతో నాకు తగాదా లేదు. తెల్లవాడి ఇనుమని చెప్పేవాళ్లతోనే తగాదా.

క్లీనర్ల గురించి చట్టం ఏం చెప్పిందో చాలామందికి తెలియదు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అందులో క్లీనరును కూడా కార్మికుడిగానే లెక్కగట్టారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదన్నారు. పదిహేనేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదన్నారు. కానీ అయిదుగురు, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలకే ఆ చట్టం వర్తించేది. మన ఊళ్లలో ఒకటీ రెండు లారీలున్న యజమానులే ఎక్కువ. అలా ఆ చట్టం మా చెవికి కూడా సోకలేదు. మీసం రాని పిల్లలు రాత్రుళ్లు బండి పక్కన పరుగెత్తి చక్రం కింద చెక్క పెట్టేవాళ్లు. బండి వెనక్కి జారితే మొదట నలిగేది ఆ చెయ్యే. పాత లారీల వైభవం రాసేవాళ్లు ఈ పిల్లల్ని ఒక్క వాక్యంలోనైనా తలుచుకోరెందుకు?

స్టాండర్డ్ వ్యాను గురించి రెండు ముక్కలు చాలు. ఇంగ్లండు స్టాండర్డ్ అట్లాస్‌కు మద్రాసులో పుట్టిన తోబుట్టువు అది. ఇంజను ముందు సీట్ల మధ్యలోనే ఉండేది, ఎండాకాలం డ్రైవరు ఎడమకాలు ఉడికిపోయేది. బడి పిల్లల్ని మోసింది, రోగుల్ని మోసింది. అందులో కూర్చున్నవాళ్లకు తీపి జ్ఞాపకం. నడిపినవాడికి చెమట.

ఇంతా చెప్పి, కామెట్ ఇంజను మంచిది కాదని నేననను. చాలా మంచిది. ఆ ఇంజను పేరులోని 350 అన్నది ఘనపు అంగుళాల్లో దాని పరిమాణం, లీటర్లలో 5.7. తర్వాత వచ్చిన 370 కూడా ఆ కోవదే. అంత పెద్ద ఇంజను నుంచి లాగింది సుమారు వంద హార్స్‌పవరు మాత్రమే. ఇప్పుడు అదే సైజు ఇంజను దానికి రెండింతలు లాగుతుంది. తక్కువ లాగించారు కాబట్టి ఎక్కువకాలం నిలిచింది, అందులో మంత్రమేమీ లేదు. ఇంకో గుణం కూడా ఉంది, దాన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. ఆ బండిలో ప్రతి ముక్కా కంటికి కనబడేది, చేతికి అందేది. విప్పినవాడికి అర్థమయ్యేది. ఇప్పుడు కంపెనీవాళ్ల మిషను తగిలించందే బండికి ఏం జబ్బో తెలియదు, ఆ మిషను చిన్న షెడ్డువాడికి అందుబాటులో ఉండదు. బండి కొన్నవాడికి, బాగుచేసేవాడికి దాన్ని విప్పి చూసుకునే హక్కు ఉండాలి. ఇది నిజమైన పోరాటం, పోరాడాల్సిందే. కానీ ఇది బ్రిటిషువాడి గొప్పతనం గురించిన వాదన కాదు. రేపు హోసూరులో చేసిన బండికైనా, పుణెలో చేసిన బండికైనా ఇదే అడగాలి.

ఇప్పటి మెకానిక్కులకు ఏమీ రాదన్న మాట కూడా వెనక్కి తీసుకోండి. తిరుపతి ఆటోనగర్‌లో ఒక కుర్రవాడు వైరింగు బొమ్మ ముందు పెట్టుకొని, మల్టీమీటరుతో ఒక్కో తీగా పట్టి, తప్పుడు సంకేతం ఏ సెన్సారు నుంచి వస్తోందో కనిపెట్టడం నేను పక్కన నిలబడి చూశాను. మా మేస్త్రి స్క్రూడ్రైవరు ఇంజనుకు ఆనించి పిడికి చెవి పెట్టి బేరింగు జబ్బు చెప్పేవాడు. ఇద్దరిదీ ఒకే రకం ఓపిక.

పాత బండ్లను దాచుకోవద్దని కూడా నేననను. నిజాం రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అవి స్కాట్లండు గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బస్సులు. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ హైదరాబాదులో భద్రపరిచింది. మంచి పని చేసింది. మన తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక కామెట్‌ను అలా నిలబెడతామని ఎవరైనా ముందుకొస్తే, స్పానర్లు పట్టుకొని మొదట వచ్చేవాణ్ణి నేనే. బోర్డు మీద ఏం రాస్తారో మాత్రం ముందే మాట్లాడుకుందాం. కంపెనీ పేరు, హార్స్‌పవరు రాసి వదిలేస్తే కుదరదు. బాడీ కట్టింది ఏ ఊరి వడ్రంగులో, ఇంజను ఏ షెడ్డులో ఎన్నిసార్లు దిగిందో, బోరింగు ఎవరు చేశారో, పట్టీలు ఎవరు వేశారో రాయాలి. డిపోల్లో పాత వర్క్‌షాపు రిజిస్టర్లు, షెడ్లలో పాత బిల్లు పుస్తకాలు ఇంకా కొన్ని ఉన్నాయి, చెదలు తినకముందే బయటికి తీయండి. ఆనాటి మేస్త్రీల్లో, డ్రైవర్లలో, క్లీనర్లలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని అడగండి: ఏ బండికి ఏ ముక్క మొదట విరిగేది, దాన్ని దేనితో అతికారు, నెలకు ఎంత జీతమిచ్చేవారు, హ్యాండిలు తన్ని చెయ్యి విరిగిన రోజు ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు.